ముందు మోచేయి చూడాలి: బరువులెత్తిన అమ్మాయి రిఫరీ కుర్చీ దాకా

వెయిట్‌లిఫ్టింగ్ పోటీ మొదలయ్యేది తలుపు వేసిన గదిలో, కాటా దగ్గర. ఆట తొమ్మిదింటికి అనుకుంటే ఏడింటికి ఆ గది తెరుస్తారు, ఎనిమిదింటికి మూసేస్తారు. ఆ గంటలోపు లిఫ్టర్లందరూ కాటా ఎక్కి, తమ వర్గం బరువు దాటలేదని చూపించుకోవాలి. 48 కిలోల వర్గంలో 48.00 మీద పది గ్రాములు ఎక్కువున్నా కుదరదు. అందుకే అమ్మాయిలు చాలామంది లోదుస్తులతోనే కాటా ఎక్కుతారు. అందుకే ఆ గదిలో బరువు చూసేవాళ్లు, రాసుకునేవాళ్లు ఆడవాళ్లే అయి ఉండాలన్నది నియమం.

జిల్లా పోటీకి పాతికమంది అమ్మాయిలు వచ్చి, నియమాలు తెలిసిన మహిళా రిఫరీ ఒక్కరూ లేకపోతే ఏం చేస్తారు? బడి నుంచి పీఈటీ మేడమ్‌నో, లిఫ్టర్లలో ఒకరి తల్లినో పిలిచి కాటా పక్కన నిలబెడతారు. ఆవిడ అంకె చదివి చెప్పగలదు. ఆ తర్వాతి పనులు ఆవిడకు తెలిసే అవకాశం లేదు. బరువు సరిపోయిన అమ్మాయిని ఒక్కసారే తూచాలి, సరిపోని అమ్మాయి ఆ గంటలో ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు. స్నాచ్‌కీ (బార్‌ను ఒకే ఊపులో తలపైకి లేపడం), క్లీన్ అండ్ జెర్క్‌కీ (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తలపైకి లేపడం) మొదట ఎత్తబోయే బరువులు కార్డు మీద రాయించి సంతకం తీసుకోవాలి. ఆ రెండూ కలిపితే పోటీకి పేరు ఇచ్చినప్పుడు ఎంట్రీలో రాసిన మొత్తానికి 20 కిలోలకు మించి తక్కువ ఉండకూడదు. వీటిలో ఒకటి తప్పినా పోటీ మధ్యలో గొడవ లేస్తుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ కొరత రావడం న్యాయం కాదు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడను వెయిట్‌లిఫ్టర్ల ఊరంటారు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల వర్గంలో 83, 105 కలిపి 188 కిలోలు ఎత్తింది. మొదట వచ్చిన కాంస్యం, పైస్థానంలోని క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో రజతమైంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. అంతకు చాలా ముందే వీరఘట్టం నుంచి మల్లయోధుడు కోడి రామమూర్తి పేరు దేశమంతా పాకింది. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఎత్తేవాళ్లకు ఇక్కడ ఎన్నడూ కరువు లేదు. ఎత్తింది సరిగా ఉందో లేదో చెప్పే కుర్చీలో మాత్రం ఈ నేల ఆడపిల్లలు ఇంకా తగినంత మంది కూర్చోవడం లేదు.

లిఫ్టర్ జీవితం పొట్టిది. పన్నెండు, పదమూడేళ్లకు బార్ పట్టిన అమ్మాయికి ఇరవై ఐదు దాటేసరికి మోకాలో, నడుమో, మణికట్టో మాట వినడం మానేస్తుంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తే ప్రాక్టీసు తగ్గుతుంది, పెళ్లయితే చాలామందికి ఆగిపోతుంది. అప్పటికి ఆమె ఒంట్లో పన్నెండేళ్ల అనుభవం ఉంటుంది. దాన్ని ఇంట్లో గోడకు తగిలించిన పతకాలతో పాటు వదిలేయడం ఆమెకూ నష్టమే, ఆటకూ నష్టమే. రిఫరీ పనికి మోకాళ్లతో నిమిత్తం లేదు. కూర్చుని చూసే పని కాబట్టి యాభై దాటినా చేయొచ్చు. మంచి లిఫ్టర్ అయినంత మాత్రాన మంచి రిఫరీ అవుతుందన్న హామీ మాత్రం లేదు. అడ్డం వచ్చేది ఎక్కడో వివరంగా చూడాలి.

మూడు కుర్చీలు, మూడు చూపులు

ప్లాట్‌ఫాం నాలుగు మీటర్ల చదరం. దానికి ఎదురుగా మధ్య రిఫరీ, రెండు పక్కలా ఇద్దరు పక్క రిఫరీలు కూర్చుంటారు. ఒక్కొక్కరి చేతిలో లిఫ్టు సరైనదనడానికి తెల్ల బటన్ ఒకటి, తప్పనడానికి ఎర్ర బటన్ ఒకటి. ఇద్దరిది ఒకే మాటయితే సిగ్నల్ మోగుతుంది, అప్పుడు లిఫ్టర్ బార్ దించాలి. ఇద్దరు వేర్వేరు బటన్లు నొక్కితే, మూడో రిఫరీకి ‘నీ తీర్పు రావాలి’ అని గుర్తుచేస్తూ శబ్దం వస్తుంది. మన జిల్లా పోటీల్లో ఈ యంత్రం లేని చోట మధ్య రిఫరీ చెయ్యి కిందికి దించుతూ గట్టిగా ‘డౌన్’ అంటారు. తర్వాత ముగ్గురూ తెల్లదో ఎర్రదో జెండా చూపిస్తారు. ఎత్తుతుండగానే పక్క రిఫరీకి తప్పు కనిపిస్తే చెయ్యి పైకెత్తాలి. ఇంకొకరు కూడా ఒప్పుకుంటే లిఫ్టు అక్కడే ఆపేస్తారు.

మూడు కుర్చీలకూ కనిపించేది ఒకటే అనుకుంటే పొరపాటు. క్లీన్‌లో లిఫ్టర్ బార్‌ను భుజాల మీదికి తీసుకుంటూ గుంజీలో కూర్చున్నప్పుడు మోచేయి గానీ, మోచేతి పైభాగం గానీ తొడకో మోకాలికో తగిలితే తప్పు. అది ఎదుటి నుంచి దాదాపు కనపడదు, పక్క కుర్చీకే తెలుస్తుంది. అదీ అటువైపు చెయ్యి మాత్రమే. జెర్క్‌లో ఒక చెయ్యి ముందు నిటారై రెండోది వెనకబడితే అది మధ్య కుర్చీకి బాగా తెలుస్తుంది. చివరికి పాదాలు రెండూ ఒకే గీతలోకి వచ్చాయా అన్నది పక్కవాళ్లకు స్పష్టం. అందుకే ఇద్దరు తెలుపు, ఒకరు ఎరుపు ఇచ్చినప్పుడు ఆ ఒక్కరినీ నిలదీయడం తగదు. ఆ కుర్చీకి కనిపించింది మిగతా రెండింటికీ కనిపించి ఉండకపోవచ్చు. పక్క రిఫరీ తెల్ల లైటు చూసి తన లైటు మార్చుకునే రిఫరీ వల్ల ఆటకు ఉపయోగం లేదు. ముగ్గురిని కూర్చోబెట్టిందే విడివిడిగా చూడటానికి.

లిఫ్టర్‌గా పదేళ్లు గడిపిన కళ్లు బార్ వెంట పోతాయి. అది సహజం. సాధన మొత్తం బార్ దారి మీదే నడిచింది కదా. ఒంటికి దగ్గరగా వచ్చిందా, వెనక్కి తూలిందా, ముందుకు లాగేసిందా అని కోచ్ రోజూ దిద్దింది అదే. రిఫరీ కుర్చీలో బార్‌ను చూస్తూ కూర్చుంటే మోచేయి జారిపోతుంది. బార్ ఎంత అందంగా లేచిందన్నది రిఫరీకి అనవసరం. చూపు పెట్టాల్సిన చోటు మోచేయి. బార్ నడుం దాటిన క్షణం నుంచి చూపు అక్కడికి వెళ్లి, లిఫ్టర్ లేచి నిలబడి కదలకుండా ఉండే దాకా అక్కడే ఉండాలి. పాదాలను మధ్యలో ఒక్కసారి, చివర్లో ఒక్కసారి చూసుకుంటే చాలు.

ఎర్ర లైట్లకు ఎక్కువగా కారణమయ్యేది ప్రెస్ అవుట్. గుంజీలో గానీ, కాళ్లు ముందుకూ వెనక్కూ చాపిన భంగిమలో గానీ లిఫ్టర్ అతి కిందికి చేరిన క్షణానికి చేతులు నిటారుగా బిగుసుకుపోయి ఉండాలి. ఆ తర్వాత కూడా చేతులు ఇంకా సాగుతూ ఉంటే, అంటే ఒంటి ఊపుతో రావాల్సిన ఎత్తును చేతుల బలంతో నెట్టుకుంటుంటే అది ప్రెస్ అవుట్. అరక్షణంలో జరిగిపోతుంది. దీని పక్కనే మరో తప్పుంది. చేతులు బిగుసుకున్నాక లేచి నిలబడేటప్పుడు మోచేయి వంగి మళ్లీ సాగడం. ఇదీ ఎర్ర లైటే. బరువు కింద బార్ వణకడం, భుజాలు అదరడం మాత్రం తప్పు కాదు. వణుకుకీ వంపుకీ తేడా పట్టుకోవడంలోనే పాత లిఫ్టర్ పైచేయి. ఆ వణుకు ఆమె తన భుజాల్లో ఎరుగును.

ఇక్కడే అమ్మాయిల విషయంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అరచేతులు ముందుకు తిప్పి చేతులు కిందికి వేలాడదీస్తే మోచేయి దగ్గర నుంచి ముంజేయి కొంచెం బయటికి తిరిగి కనపడుతుంది. ఈ కోణం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో సగటున ఎక్కువ. కొందరికి మోచేయి నిటారు గీత దాటి వెనక్కి కూడా పోతుంది. అలాంటి అమ్మాయి తలపైన బార్ పట్టి నిలబడితే, ఎదుటి కుర్చీలోంచి చూసేవాళ్లకు చెయ్యి వంగినట్టే ఉంటుంది. నిజానికి అది పూర్తిగా బిగుసుకున్న చెయ్యి. దీన్ని తెలుసుకునేదెలా? చూడాల్సింది చెయ్యి ఆకారాన్ని కాదు, కదలికను. వచ్చిన ఆకారంలో చెయ్యి ఆగిపోయిందా, ఆగాక మళ్లీ కదిలిందా అన్నదే ప్రశ్న. ఆగిపోతే తెలుపు. మోచేయి పుట్టుకతోనో, పాత దెబ్బ వల్లనో పూర్తిగా సాగనివాళ్లు ఆ సంగతి పోటీకి ముందే రిఫరీలకు చూపించుకోవాలి. ఆ నియమం ఉందని తెలియక ఎందరో అమ్మాయిలు ఊరకే ఎర్ర లైట్లు తింటారు. కాటా గదిలో ఉన్న మహిళా రిఫరీ ‘చెయ్యి చాపమ్మా’ అని ఒక్క మాట అడిగితే ఆ అన్యాయం తప్పుతుంది.

దుస్తుల సంగతి కూడా దీనికి ముడిపడినదే. మోచేయి, మోకాలు కనిపించాలన్నది పాత నియమం. 2011లో అంతర్జాతీయ సమాఖ్య ఒంటికి అతుక్కునే నిండు దుస్తులను పోటీ కాస్ట్యూమ్ లోపల వేసుకోవడానికి అనుమతించింది. ఒళ్లు కప్పుకుని ఆడాలనుకునే అమ్మాయిలకు దాంతో దారి తెరుచుకుంది. వదులుగా ఉన్న చుడీదార్ ప్యాంటుకీ, మోచేయి మీద ముడతలు పడే టీషర్టుకీ ఈ అనుమతి వర్తించదు. అతుక్కుని ఉంటేనే కీలు బిగిసిందో లేదో తెలుస్తుంది. బెల్టు కాస్ట్యూమ్ పైనే పెట్టుకోవాలి, వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. చేతులకు చాక్ పొడి ఎంతైనా రాసుకోవచ్చు. తొడల మీద బార్ సులువుగా జారడానికి నూనె, పౌడర్ లాంటివి రాసుకోవడం నిషేధం. రాసుకుని వచ్చిందని తేలితే తుడుచుకునే దాకా వదలరు, గడియారం మాత్రం ఆగదు.

పాత లిఫ్టర్లు చేసే తప్పుల్లో ఎక్కువసార్లు కనిపించేది తొందరపాటు ‘డౌన్’. తలపైన బరువుతో నిలబడ్డ ఒక్కో క్షణం ఎంత నరకమో ఆమెకు తెలుసు కనుక, ఎదుటి అమ్మాయి పాదాలు ఇంకా సర్దుకుంటుండగానే చెయ్యి దించేస్తుంది. దీని వెనక ఉన్నది జాలి. కానీ సిగ్నల్ ఇచ్చాక తప్పు రిఫరీదే, లిఫ్టర్‌కు ఎర్ర లైటు వేసే న్యాయం పోతుంది. పైగా ఆ అమ్మాయి అదే అలవాటుతో రాష్ట్ర పోటీకి వెళ్లి అక్కడ దెబ్బతింటుంది. ఒళ్లంతా కదలకుండా నిలిచి, పాదాలూ బారూ ఒంటికి సమాంతరంగా వచ్చిన తర్వాతే సిగ్నల్. గుంజీ నుంచి లేవడానికి ఇంత సమయమని హద్దు లేదు. ఎంతసేపు తీసుకున్నా ఆగాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. తన కాలంలో తనకు ఎర్ర లైటు వేసిన లిఫ్టులాంటిదే చూడగానే చెయ్యి ఎర్ర బటన్ మీదికి పోవడం. క్లీన్ చేశాక జెర్క్ మొదలుపెట్టే ముందు లిఫ్టర్ బార్‌ను భుజాల మీద సర్దుకోవచ్చు, బొటనవేలు బయటికి తీసుకోవచ్చు, పట్టు మార్చుకోవచ్చు, ఊపిరి అందకపోతే బార్ దించి భుజాలకు ఆనించుకోవచ్చు. ఇవేవీ తప్పులు కావు. మోకాళ్లు వంచి, జెర్క్ కొట్టబోయి ఆగిపోతేనే తప్పు. ఆ రెంటినీ కలిపేసే రిఫరీలు చాలామంది.

బార్ లెక్క, గడియారం లెక్క

అమ్మాయిల బార్ 15 కిలోలు, పొడవు 2.01 మీటర్లు, పట్టు మందం 25 మిల్లీమీటర్లు, గుర్తుకు పసుపు రంగు. అబ్బాయిల బార్ 20 కిలోలు, 2.2 మీటర్లు, మందం 28 మిల్లీమీటర్లు, రంగు నీలం. ప్లేట్లు జారకుండా రెండు కొసలా బిగించే కాలర్లు ఒక్కోటి రెండున్నర కిలోలు. పెద్ద ప్లేట్లలో ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. చిన్నవాటిలో తెలుపు 5 తర్వాత ఎరుపు రెండున్నర, నీలం 2, పసుపు ఒకటిన్నర, ఆకుపచ్చ 1, తెలుపు అరకిలో. ఈ వరస నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఎందుకంటే జిల్లా పోటీల్లో అమ్మాయిల బార్ దొరకని రోజులుంటాయి. అబ్బాయిల బార్ మీదే కానిచ్చేద్దాం అంటారు. అప్పుడు జరిగేది చూడండి. ఒక అమ్మాయి 62 కిలోలు అడిగింది. అమ్మాయిల బార్, కాలర్లు కలిపి 20, మిగిలింది 42, పక్కకు 21. అంటే నీలం ఒకటి, ఆకుపచ్చ చిన్నది ఒకటి. అదే అబ్బాయిల బారయితే కాలర్లతో 25, మిగిలింది 37, పక్కకు పద్దెనిమిదిన్నర. అంటే పసుపు పెద్దది, ఎరుపు చిన్నది, ఆకుపచ్చ చిన్నది. ప్లేట్లు ఎక్కించే కుర్రాళ్లు అలవాటు కొద్దీ మొదటి లెక్క వేస్తే బార్ మీద 67 ఉంటుంది. ఆ అమ్మాయి లేపలేక వదిలేసి ఏడుస్తూ వెళ్తుంది. ఎవరికీ అనుమానం రాదు. రంగులు చూసి రెండు క్షణాల్లో కూడికలు వేసుకునే రిఫరీ ఉంటే అక్కడే ఆపుతుంది. అడిగినదాని కంటే ఎక్కువ బరువు ఎక్కించి, లిఫ్టర్ విఫలమైతే ఆమెకు ఇంకో ప్రయత్నం ఇవ్వాలి. ఎత్తగలిగితే ఆ బరువును ఒప్పుకునే హక్కు కూడా ఆమెదే. ఆ మూడు మిల్లీమీటర్ల మందం తేడా మాటేమిటని అడిగేవాళ్లుంటారు. బొటనవేలిని మిగతా వేళ్ల కింద నొక్కి పట్టే హుక్ పట్టులో చిన్న చేతికి అది పెద్ద తేడా. స్నాచ్‌లో బార్ వేళ్లలోంచి ఊడిపోవడానికి అదే చాలు.

గడియారం పని ఇంకా కష్టం. పేరు పిలవడం పూర్తయి, ప్లేట్లు ఎక్కించేవాళ్లు ప్లాట్‌ఫాం దిగాక, రెండింటిలో ఏది ఆలస్యమైతే దాని నుంచి 60 సెకన్లు. తన ప్రయత్నం తర్వాత వెంటనే మళ్లీ తన వంతే వస్తే 120 సెకన్లు. ఆఖరి 30 సెకన్లకు హెచ్చరిక మోగుతుంది. సమయం అయిపోయేలోగా బార్ నేల విడిచి ఉండాలి.

పిలిచే వరస ఇలా. తక్కువ బరువు అడిగినవాళ్లు ముందు. ఇద్దరు ఒకే బరువు అడిగితే ఎవరిది ముందు నంబరు ప్రయత్నమో వాళ్లు ముందు. 72 కిలోలు ఒకమ్మాయికి మొదటి ప్రయత్నం, మరో అమ్మాయికి రెండోది అయితే మొదటి ప్రయత్నం అమ్మాయే ముందు రావాలి. అదీ సమానమైతే గత ప్రయత్నం ఎవరు ముందు చేశారో చూస్తారు. చివరికి, పోటీకి ముందు ఇచ్చిన స్టార్ట్ నంబరు. ఎత్తిన తర్వాత ఏమీ చెప్పకపోతే దానంతటదే ఒక కిలో పెరుగుతుంది. ఒక్కో ప్రయత్నానికి రెండుసార్లు బరువు మార్చుకోవచ్చు, ఆఖరి 30 సెకన్ల హెచ్చరిక లోపే. కోచ్‌లు ఆడే చదరంగమంతా ఈ రెండు మార్పుల మీదే. తమ అమ్మాయికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరకాలని ఒక కిలో పెంచి మరో అమ్మాయిని ముందుకు నెట్టడం, చివరి క్షణంలో కార్డు మార్చడం. ఈ మార్పులు రాసుకునే మార్షల్ టేబుల్ దగ్గర కార్డులు పట్టుకున్న మనిషి తడబడితే తప్పు అమ్మాయి పేరు పిలుస్తారు. లిఫ్టర్‌గా ఉన్నప్పుడు ఇవన్నీ కోచ్ చూసుకుంటాడు. వేడెక్కే గదిలో కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకునే అమ్మాయికి బయట నడిచే ఈ లెక్క తెలియదు. రిఫరీ కావాలనుకునే పాత లిఫ్టర్‌కు పూర్తిగా కొత్తగా నేర్చుకోవాల్సింది ఇదే. అందుకని మొదటి ఏడాది లైట్ల కుర్చీ కంటే మార్షల్ టేబుల్ దగ్గర, గడియారం దగ్గర ఎక్కువ కూర్చోవడం మంచిది.

ఈ లెక్కకు ఎంత విలువుందో చెప్పడానికి సిడ్నీ చాలు. 2000 సెప్టెంబరు 19న, ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ప్రవేశించిన ఆ మొదటి ఏడాదే, 69 కిలోల వర్గంలో మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తారు. చైనా లిన్ వైనింగ్, హంగరీ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి 137.5 అడిగారు, అందలేదు. అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పునే పెరిగేది. ఇద్దరి మొత్తం సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవాళ్లు గెలిచేవాళ్లు. స్వర్ణం లిన్‌కు దక్కింది ఆ నియమం ప్రకారమే. 2005 నుంచి ఒక కిలో చొప్పున పెంచుకోవచ్చు. ఇప్పుడు మొత్తాలు సమానమైతే దాన్ని ముందు అందుకున్నవాళ్లే ముందు. అంటే ఇవాళ పిలిచే వరసే పతకాన్ని నిర్ణయించగలదు. టేబుల్ దగ్గర ఒక కార్డు తారుమారైతే స్వర్ణం రజతమైపోతుంది.

పాత నియమం పట్టుకుని కూర్చున్న రిఫరీకి కూడా అదే ప్రమాదం. బరువు వర్గాలనే తీసుకుంటే, మహిళల్లో 2018 దాకా ఉన్న 48, 53, 58, 63, 69, 75 పోయి 45, 49, 55, 59, 64 వగైరా వచ్చాయి. 2025 జూన్ నుంచి మళ్లీ 48, 53, 58, 63, 69, 77, 86, ఆపైన అని మారాయి. తన రోజుల్లో 53లో ఆడిన అమ్మాయికి ఇప్పటి 53 చూసి పాతదే తిరిగొచ్చిందనిపిస్తుంది. పైవర్గాల హద్దులు మాత్రం వేరు. ఏడాదికొకసారి తాజా నియమావళి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవక తప్పదు.

వేరే ఆటల్లో ఏం జరిగింది

ఆడిన అమ్మాయే తీర్పు చెప్పడం అన్ని ఆటల్లోనూ ఆలస్యంగానే వచ్చింది. మంచు ఆట ఐస్ హాకీనే చూస్తే, మహిళల పోటీ ఒలింపిక్స్‌లోకి 1998 నగానోలో వచ్చింది. 2019 సెప్టెంబరులో అమెరికా, కెనడాల మగవాళ్ల పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ తన కుర్రాళ్ల సన్నాహక టోర్నీలకు నలుగురు మహిళా అఫీషియళ్లను పిలిచింది. వాళ్లలో కెల్లీ కుక్, కిర్‌స్టెన్ వెల్ష్ లాంటివాళ్లు కాలేజీ జట్లలో ఆడి వచ్చినవాళ్లు. ఆ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే ఏహెచ్‌ఎల్ 2021-22 సీజన్‌కు పదిమంది మహిళలను తీసుకుంది. అక్కడ రిఫరీ ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలూ స్కేట్ల మీద ఆటగాళ్లతో పాటు పరిగెత్తాలి. చిన్నప్పటి నుంచీ మంచు మీద ఆడినవాళ్లకే అది సాధ్యం, కనుక లీగులు నేరుగా పాత క్రీడాకారిణుల దగ్గరికే వెళ్లాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో రిఫరీ కూర్చునే ఉంటుంది కాబట్టి ‘ఎవరైనా చేస్తారులే’ అన్న ధోరణి వచ్చేసింది. ఆడినవాళ్లను వెతికి పట్టుకుని పిలిచే అలవాటు మనకు అక్కడే తప్పిపోయింది. ఇది దిద్దుకోవాల్సిన పొరపాటు.

దారి మెట్లు మెట్లుగానే ఉంటుంది. జిల్లా సంఘం పోటీల్లో సాయం చేయడం, రాష్ట్ర స్థాయి పరీక్ష, జాతీయ సమాఖ్య పరీక్ష, ఆ తర్వాత అంతర్జాతీయ కేటగిరీ 2, చివరికి కేటగిరీ 1. ఒలింపిక్స్ కుర్చీ కేటగిరీ 1 వాళ్లది. డబ్బు గురించి ఆశ పెట్టుకోకూడదు. ఇచ్చేది దారి ఖర్చులూ, కొద్దిపాటి గౌరవ వేతనం. ఉద్యోగం ఉన్న అమ్మాయికి ఆఫీసు నుంచి ఆన్ డ్యూటీ సెలవు దొరకడమే అసలు సమస్య. సంఘం పోటీ తేదీలను నెల ముందు లిఖితంగా ఇస్తే ఆ సెలవు దొరుకుతుంది, మూడు రోజుల ముందు ఫోన్ చేసి రమ్మంటే దొరకదు. చంటిబిడ్డ తల్లికి కాటా గది పక్కన ఒక గది, తోడుగా వచ్చినవాళ్లకు భోజనం ఏర్పాటు చేయడం సంఘానికి పెద్ద ఖర్చేమీ కాదు. అది లేకే రెండో పోటీకి రాని వాళ్లున్నారు.

ఊరి పోటీకి ఇంకో చిక్కు. కొండవెలగాడ లాంటి ఊళ్లో రిఫరీకి లిఫ్టర్ మేనకోడలో, చిన్నాన్న కూతురో, నిన్నటి దాకా తను నేర్పిన పిల్లో అయి ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో ఒకే దేశం వాళ్లను ఇద్దర్ని ఒకే సెషన్లో లైట్ల కుర్చీల్లో కూర్చోనివ్వరు. అదే పద్ధతిని మండలాలకు అన్వయించుకోవచ్చు. నెల్లిమర్ల అమ్మాయిలు ఎత్తేటప్పుడు ఆమదాలవలస, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన రిఫరీలు కూర్చోవాలి. అది కుదరకపోతే సొంత బంధువు పేరు పిలిచినప్పుడు లేచి కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలి. ఇందులో నామోషీ లేదు. లేవకుండా కూర్చుని తెలుపు వేస్తే పక్షపాతమంటారు, ఎరుపు వేస్తే పండగకు ఇంటికి పిలవరు.

మొదలుపెట్టాలనుకునే పాత లిఫ్టర్‌కు పోటీ దాకా ఆగాల్సిన పని లేదు. సాయంత్రం ప్రాక్టీసు జరిగే చోట ప్లాట్‌ఫాంకు ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే సరిపోతుంది. ప్రాక్టీసులో పిల్లలు బార్ తలపైకి ఎత్తీ ఎత్తకముందే వదిలేస్తారు, ‘డౌన్’ అనే మనిషి ఉండరు కాబట్టి. పోటీలో అదే చేసి ఎర్ర లైట్లు తెచ్చుకుంటారు. సిగ్నల్ రాకముందు దించినా తప్పే, వచ్చాక బార్ భుజాలు దిగక ముందే చేతులు వదిలేసినా తప్పే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ప్రతి లిఫ్టుకూ ఆగి ‘డౌన్’ అంటే నెల రోజుల్లో పిల్లలకు అలవాటవుతుంది, ఆమెకూ గొంతు వస్తుంది. తర్వాత రెండు పక్కలా ఇద్దరి ఫోన్లు స్టూళ్ల మీద పెట్టి వీడియో తీయించాలి. నోటు పుస్తకంలో లిఫ్టు నంబరు, తెలుపా ఎరుపా, ఎరుపైతే కారణం ఒక్క మాటలో రాయాలి. రాయడం లిఫ్టు అయిన వెంటనే జరగాలి, వీడియో చూశాక దిద్దకూడదు. వంద లిఫ్టులయ్యాక వీడియోను నెమ్మదిగా తిప్పి పుస్తకంతో పోల్చాలి. తేడా వచ్చినవి ఎన్నో లెక్కపెట్టుకుని, అవి ఎడమ మోచేతి దగ్గరా, కుడి మోచేతి దగ్గరా, పాదాల దగ్గరా అని విడదీయాలి. చాలామందికి ఒకే వైపు మోచేయి దగ్గర గుత్తగా పడతాయి. మర్నాడు సాయంత్రం కుర్చీని ఆ వైపుకు జరుపుకుని కూర్చోవాలి.